పోపుల పెట్టెలో అంకెలు



ఈ ప్రసంగం వినేటప్పుడు ఒక కాగితం, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి. రెండు మూడు చిన్న భాగహారాలు చేయవలసి వస్తుంది. ఐదారు తరగతుల పిల్లలు చేయగలిగిన లెక్కలే. పిల్లలు పక్కనుంటే ఆ పెన్సిలు వాళ్ళ చేతికే ఇవ్వండి.

మన ప్రతి ఇంట్లోనూ పోపుల పెట్టె ఉంటుంది. ఆవాలకొక గది, జీలకర్రకొక గది, మెంతులకూ మినప్పప్పుకూ ఎండుమిరపకాయలకూ వేరు వేరు గదులు. ఏ గది మీదా పేరు రాసి ఉండదు. అయినా కరెంటు పోయిన రాత్రి కూడా ఇంటి ఇల్లాలు తడుముకోకుండా తాలింపు వేయగలదు. ఎందుకంటే ఏ గదిలో ఏముందో ఆమె చేతికి తెలుసు. అదే చీకట్లో పండక్కి వచ్చిన ఆడపడుచు వంటింట్లోకి దిగిందనుకోండి. వాళ్ళింటి పెట్టెలో ఆవాలుండే చోట ఈ పెట్టెలో మెంతులున్నాయి. ఆమె గుప్పెడు తీసి నూనెలో వేస్తుంది. పెట్టె ఏమీ అనదు. నూనె కూడా ఏమీ అనదు. అన్నంలో కలుపుకున్న తరువాత గాని చేదు తెలియదు.

కంప్యూటరులో సరిగ్గా ఇలాంటి పెట్టెలున్నాయి. వాటిని బిట్ ఫీల్డులు అంటారు. మనం రాసుకునే చిన్న ప్రోగ్రాముల నుంచి, అంటే స్క్రిప్టుల నుంచి, కంప్యూటరు మూలవ్యవస్థలోని ఫంక్షన్లను పిలిచి పని చేయించుకోవాలంటే ఈ పెట్టెలను సర్దడం తెలిసి ఉండాలి. ఆ సర్దుడు ఎలా ఉంటుందో, తప్పితే ఏమవుతుందో చెప్పుకుందాం.

ముందు బిట్టు అంటే ఏమిటో చూద్దాం. ఒక ప్రశ్నకు అవును, కాదు అనే రెండే జవాబులున్నప్పుడు ఆ జవాబును దాచడానికి కావలసిన చోటు ఒక బిట్టు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 1980లో మన కె.జి.ఎఫ్. గనుల్లో, భూమికి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, ప్రోటాను తనంతట తాను క్షయమవుతుందా అని తెలుసుకునే ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ ఇనుప గొట్టాల్లాంటి కౌంటర్లు సుమారు 1600 పేర్చారు. ఒక్కొక్క గొట్టాన్ని ‘నీలోనుంచి కణం పోయిందా?’ అని మాత్రం అడిగితే జవాబు అవును లేదా కాదు. 1600 జవాబులకు 1600 బిట్లు. ఎనిమిదితో భాగిస్తే 200 బైట్లు. ఈ వాక్యాలు రాసుకోవడానికి అంతకంటే ఎక్కువ చోటు పడుతుంది. బిట్లలో ఉన్న పొదుపు అది.

అన్ని ప్రశ్నలకూ అవును కాదులతో సరిపోదు. నెలలు పన్నెండు. వాటికి ఎన్ని బిట్లు కావాలి? ఒక బిట్టుకు రెండు రకాలు, రెండు బిట్లకు నాలుగు, మూడింటికి ఎనిమిది, నాలుగింటికి పదహారు. మూడు చాలవు, నాలుగు చాలు. రోజులు 31. ఐదు బిట్లకు 32 రకాలు వస్తాయి కాబట్టి ఐదు చాలు. ఇక సంవత్సరం. ఎం.ఎస్. డాస్ అనే పాత వ్యవస్థను తయారు చేసినవాళ్ళు 1980ని సున్నాగా పెట్టుకొని, సంవత్సరానికి ఏడు బిట్లిచ్చారు. ఏడు బిట్లకు 128 రకాలు. అంటే 1980 నుంచి 2107 దాకా వస్తుంది. ఏడు, నాలుగు, ఐదు కలిపితే పదహారు. పదహారు బిట్లంటే రెండు బైట్లు. ఒక తేదీ మొత్తం రెండు బైట్లలో కూర్చుంది. డాస్ కాలం పోయినా ఈ పెట్టె పోలేదు. మన పెన్ డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో, జిప్ ఫైళ్ళలో ఫైలు తేదీని ఈనాటికీ ఇలాగే సర్దుతున్నారు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. మన జిల్లా మరిచిపోలేని తేదీ ఒకటి సర్దుదాం. 2001 ఫిబ్రవరి 28. కె.జి.ఎఫ్.లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన రోజు. 2001లోనుంచి 1980 తీసేస్తే 21. నెల 2. రోజు 28. పెట్టెలో కుడివైపు చివర రోజు కూర్చుంటుంది. దానికి 32 రకాల చోటు పోయింది కాబట్టి, ఆ పక్కనున్న నెలను 32తో హెచ్చించాలి. నెలకు 16 రకాలు. 32ను 16తో హెచ్చిస్తే 512. కాబట్టి సంవత్సరాన్ని 512తో హెచ్చించాలి. 21ని 512తో హెచ్చిస్తే 10752. రెండు ముప్పైరెళ్ళు 64. దానికి 28. మొత్తం 10844. ఆ మూతపడిన రోజు కంప్యూటరుకు 10844 అనే ఒక్క అంకె.

తిరిగి విప్పడం కూడా అంతే. 10844ను 512తో భాగించండి. 21 పోతుంది, శేషం 92. ఆ 92ను 32తో భాగించండి. 2 పోతుంది, శేషం 28. సంవత్సరం 21, నెల 2, రోజు 28. సర్దినది సర్దినట్టు బయటికి వచ్చింది.

ఇప్పుడు ఇదే అంకెను ఆడపడుచు పద్ధతిలో విప్పి చూద్దాం. రోజు కుడివైపు చివర ఉందని ఆమెకు తెలియదు. వాళ్ళింట్లో సంవత్సరమే కుడివైపు ఉంటుంది. కాబట్టి 10844ను 128తో భాగిస్తుంది. 84 పోతుంది, శేషం 92. ఆ 92 సంవత్సరమనుకుంటుంది. 1980కి కలిపితే 2072. ఇక 84ను 16తో భాగిస్తే 5 పోతుంది, శేషం 4. నెల 4, రోజు 5. అంటే 2072 ఏప్రిల్ 5.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. వచ్చింది తప్పు తేదీ. కాని నిజమైన తేదీలాగే ఉంది. పదిహేనో నెల అనో, నలభయ్యో రోజు అనో వచ్చి ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. ఏప్రిల్ 5 అంటే ఎవరు అనుమానిస్తారు?

ఇంకొక విధంగా కూడా తప్పుతుంది. 10844 రెండు బైట్లలో ఉంటుందన్నాం. పెద్ద బైటు 42, చిన్న బైటు 92. మనం రోజూ వాడే కంప్యూటర్లు చిన్న బైటును ముందు, పెద్ద బైటును వెనుక దాస్తాయి. ఈ సంగతి తెలియక వరుస తారుమారుగా చదివితే 92 పెద్దదవుతుంది, 42 చిన్నదవుతుంది. 92ను 256తో హెచ్చించి 42 కలిపితే 23594. దీన్ని 512తో భాగిస్తే 46 పోయి శేషం 42. 42ను 32తో భాగిస్తే 1 పోయి శేషం 10. అంటే 2026 జనవరి 10. ఇదీ చక్కని తేదీయే. ఒకే పెట్టె, మూడు చేతుల్లో మూడు తేదీలు.

సరే, స్క్రిప్టుకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? మూలవ్యవస్థలోని ఫంక్షన్లను ఎక్కువగా సి భాషలో రాశారు. సి భాషలో పోపుల పెట్టెను సర్దే ఏర్పాటు భాషలోనే ఉంది. ఈ గదికి ఐదు బిట్లు, ఈ గదికి నాలుగు అని రాసుకోవచ్చు. పైథాన్ వంటి స్క్రిప్టు భాషల్లో మామూలుగా అలా ఉండదు. అక్కడ ప్రతి అంకె తన రకం, తన కొలత మూటగట్టుకొని తిరుగుతుంది. కాని మూలవ్యవస్థ ఫంక్షనుకు ఈ మూటలు అక్కరలేదు. దానికి పెట్టె ఎక్కడుందో ఆ చిరునామా ఒక్కటే ఇస్తాం. అది అక్కడికి వెళ్ళి, ఫలానా గదిలో ఫలానాది ఉంటుందన్న నమ్మకంతో చేయి పెడుతుంది. మనం ‘నెల’ అని పేరు పెట్టామా, ‘మాసం’ అని పెట్టామా అన్నది దానికి కనపడదు. కనపడేవి బిట్లు మాత్రమే.

ఈ రెండిటి మధ్యా దుభాషి పని చేయడానికి పైథాన్‌లో సి-టైప్స్ అనే మాడ్యూలు ఉంది. 2006లో వచ్చిన 2.5 వెర్షను నుంచి అది పైథాన్‌తో పాటే వస్తోంది. అందులో పెట్టెను వర్ణించేటప్పుడు ఒక్కొక్క గదికి మూడు సంగతులు చెప్పాలి. గది పేరు, అది ఏ కొలత అంకెలో కూర్చుంటుంది, దానికి ఎన్ని బిట్లు. ఇక్కడ కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది వరుసలో. మన కంప్యూటర్లలో మొదట చెప్పిన గది కుడివైపు చివర, అంటే చిన్న బిట్ల వైపు కూర్చుంటుంది. కాబట్టి తేదీ పెట్టెను వర్ణించేటప్పుడు రోజు, నెల, సంవత్సరం అని చెప్పాలి. మనం నోటితో చెప్పుకునే అలవాటు కొద్దీ సంవత్సరం, నెల, రోజు అని రాస్తే, ఇందాకటి 2072 ఏప్రిల్ 5 వచ్చి కూర్చుంటుంది. పైగా సి భాష ప్రమాణమే ఈ వరుసను ఖాయం చేయలేదు. ఏ వైపు నుంచి సర్దాలన్నది ఆయా కంపైలరుకు వదిలేసింది. పెద్ద బిట్ల వైపు నుంచి సర్దే యంత్రాలూ ఉన్నాయి.

నేను ఈ పాఠం పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక ఊరి పాల డైరీలో నేర్చుకున్నాను.

మన జిల్లాలో చాలా ఇళ్ళకు వారం వారం చేతికందే డబ్బు పాల డబ్బే. ఆ డైరీలో పాలను ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, కాటా చూపిన అంకెను సెక్రటరీ చేత్తో కంప్యూటరులోకి ఎక్కించేవారు. తెల్లవారుజామున, చలిలో, వరుసలో యాభై మంది నిలబడి ఉంటే 6.9 కాస్తా 9.6 కావడానికి ఎంతసేపు? అది ఒకరికి లాభం, సంఘానికి నష్టం. 9.6 తిరగబడి 6.9 అయితే ఒక ఇంటికి కూరగాయల ఖర్చు పోయినట్టే. కాటాకు వెనుక ఒక తీగ ఉంది కదా, తూకం నేరుగా కంప్యూటరులోకి వచ్చేటట్టు చేయగలరా అని సెక్రటరీ నన్నడిగారు. ఇలాంటి పనికి తయారుగా దొరికే మాడ్యూళ్ళున్నాయి. కాని ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్టు లేదు. పైథాన్ ఒక్కటి ఉంది. సరే, విండోస్ ఫంక్షన్లనే నేరుగా పిలుద్దామని కూర్చున్నాను.

తీగ ద్వారా మాటలు నడవాలంటే ముందు ఇద్దరికీ ఒప్పందం కుదరాలి. వేగమెంత, ఎవరు ముందు మాట్లాడాలి, తీగలో ఏ సంకేతం పైకి లేవాలి అన్నవి విండోస్‌కు డి.సి.బి. అనే పెట్టెలో సర్ది ఇవ్వాలి. ఆ పెట్టె మొత్తం 28 బైట్లు. అందులో నాలుగు బైట్లు, అంటే 32 బిట్లు, పోపుల పెట్టెలాగా గదులు గదులుగా ఉంటాయి. చాలా గదులు ఒక్క బిట్టువే. రెండు గదులు మాత్రం రెండేసి బిట్లవి. ఒకటి ‘నేను సిద్ధం’ అన్న సంకేతానికి, దాన్ని డి.టి.ఆర్. అంటారు. రెండోది ‘పంపవచ్చు’ అన్న సంకేతానికి, దాన్ని ఆర్.టి.ఎస్. అంటారు. వీటికి అవును కాదులతో పాటు ‘అవసరాన్ని బట్టి’ అనే మూడో జవాబు కూడా ఉంది కాబట్టి రెండు బిట్లు కావలసి వచ్చింది.

నాకు కావలసినవి మూడే. మొదటి గదిలో 1. ఐదో బిట్టు దగ్గర మొదలయ్యే డి.టి.ఆర్. గదిలో 1, దాని విలువ 16. పదమూడో బిట్టు దగ్గర మొదలయ్యే ఆర్.టి.ఎస్. గదిలో 1, దాని విలువ 4096. మూడూ కలిపితే 4113. నేనేమో డి.టి.ఆర్. గదికి ఒక్క బిట్టే అనుకున్నాను. దాంతో ఆ తరువాతి గదులన్నీ ఒక బిట్టు కిందికి జరిగాయి. ఆర్.టి.ఎస్. అనుకొని నేను పెట్టిన 1 పన్నెండో బిట్టులో పడింది. దాని విలువ 2048. నేనిచ్చిన అంకె 2065.

పన్నెండో బిట్టు ఎవరిదో తెలుసా? ‘తీగలో సున్నా బైటు వస్తే పారెయ్యి’ అనే గదిది. అంటే నేను ‘పంపవచ్చు’ అని సంకేతం ఎత్తలేదు సరికదా, వచ్చే సున్నాలను పారేయమని కూడా చెప్పాను. విండోస్ ఫంక్షను ఏమందంటారా? పని విజయవంతంగా అయిందంది. దానికి అందిన పెట్టె దాని లెక్కలో సక్రమంగానే ఉంది మరి.

మొదటి రోజు తెల్లవారి అందరం చూస్తుండగా ఒక అవ్వ తన క్యాను కాటా మీద పెట్టింది. కాటా మీద అంకె వెలిగింది. కంప్యూటరులో సున్నా. ఆ కాటా ‘పంపవచ్చు’ అన్న సంకేతం పైకి లేస్తే గాని నోరు విప్పదు. అవ్వ అటూ ఇటూ చూసి, “అయ్యోరా, కాటా మింద పాలుండాయి, నీ పెట్టెలో లేవే! నా పాలు యాడికి పోయినాయి?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సెక్రటరీ మాట్లాడకుండా పాత పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు.

రెండు సాయంత్రాలు తీగ మార్చాను, వేగం మార్చాను. మూడో సాయంత్రం కాగితం మీద 32 గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో పేరు రాసుకుంటూ వచ్చాను. నా లెక్క ప్రకారం చివరికి 32 రావాలి, 30 మాత్రమే వచ్చింది. రెండు గళ్ళు ఎక్కడ పోయాయని వెతికితే, ఆ రెండు గదుల దగ్గర దొరికాయి. 4113 ఇచ్చిన మరుక్షణం కాటా మాట్లాడింది.

తరువాత ఆలోచిస్తే కాటా మూగబోవడమే మంచిదయిందనిపించింది. కొన్ని యంత్రాలు తూకాన్ని అక్షరాలుగా కాకుండా నేరుగా బైట్లుగా పంపుతాయి. అలాంటి యంత్రమయి, సంకేతం కోసం ఆగకుండా మాట్లాడేదయితే, సున్నా బైట్లు పారేయడం వల్ల అంకెలు జరిగిపోయి తప్పు తూకం వచ్చేది. సున్నా చూస్తే అవ్వ అడిగింది. తప్పు తూకం వచ్చి ఉంటే అవ్వకూ తెలియదు, నాకూ తెలియదు. పోయేది ఆమె డబ్బు.

ఇంకొక చిక్కు చెప్పి ఊరుకుంటాను. గదుల మధ్య ఖాళీలు. కంపైలర్లు తమ సౌకర్యం కోసం నాలుగు బైట్ల అంకెను నాలుగు పెట్టి భాగిస్తే శేషం రాని చోటే కూర్చోబెడతాయి. అందుకోసం మధ్యలో ఖాళీ వదులుతాయి. బొమ్మలు దాచే బి.ఎం.పి. ఫైలును తీసుకోండి. దాని తల భాగంలో రెండు బైట్ల గుర్తు, నాలుగు బైట్ల కొలత, రెండేసి బైట్ల గదులు రెండు, చివర నాలుగు బైట్లు ఉంటాయి. కలిపితే 14. మామూలుగా వర్ణిస్తే మొదటి గది తరువాత రెండు బైట్ల ఖాళీ చేరి 16 అవుతుంది. ఆ పెట్టెతో చదివితే ఫైలు కొలత దగ్గరనుంచి అంతా తప్పే. ఖాళీ లేకుండా బిగించి సర్దాలని, అంటే ప్యాక్ చేయాలని, విడిగా చెప్పాలి. సి-టైప్స్‌లో దానికి ఏర్పాటు ఉంది. అలాగని అన్ని పెట్టెలనూ బిగించకూడదు. ఖాళీలతో సర్దిన పెట్టెను ఆశించే ఫంక్షనుకు బిగించిన పెట్టె ఇచ్చినా తప్పే.

ఇలాంటి పని చేసే పిల్లలకు నేను చెప్పేవి నాలుగు మాటలు. ఒకటి, గదుల వరుసను జ్ఞాపకం మీద రాయవద్దు. ఆ వ్యవస్థవాళ్ళిచ్చిన వర్ణనను ఎదురుగా పెట్టుకొని, గళ్ళ కాగితం మీద బిట్టు బిట్టుకూ పేరు రాయండి. రెండు, పెట్టె మొత్తం కొలత అడిగి చూడండి. డి.సి.బి. అయితే 28 రావాలి. 27 వచ్చినా 32 వచ్చినా ముందుకు పోవద్దు. ఆ పెట్టెలో మొదటి గదిలో పెట్టె కొలతే రాయమనడంలోనూ అర్థమదే. మూడు, ఖాళీ పెట్టెను మీరే నింపకుండా, ముందు వ్యవస్థనడిగి ఇప్పుడున్న అమరికను తెప్పించుకోండి. అందులో మీకు కావలసిన గదులు మాత్రం మార్చి తిరిగి ఇవ్వండి. నాలుగు, జవాబు ముందే తెలిసిన లెక్కతో పరీక్షించండి. తేదీకి 10844 ఉంది. కాటాకు అయిదు కిలోల రాయి ఉంది. ఫంక్షను ‘విజయవంతం’ అంటే పని అయిందని కాదు, పెట్టె అందిందని మాత్రమే.

సి-టైప్స్ వర్ణనలు తికమకగా అనిపిస్తే భాగహారంతోనే చేయండి. 512తో భాగించడం, 32తో భాగించడం. అది ఏ భాషలోనైనా, ఏ యంత్రం మీదైనా ఒకే జవాబిస్తుంది.

సరిహద్దు జిల్లావాళ్ళం కాబట్టి చివరగా మన సంగతి ఒకటి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు 3072 నుంచి మొదలవుతాయి, కన్నడ అక్షరాలు 3200 నుంచి. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరుస ఉండాలని మన దేశంలో చేసిన ఇస్కీ అమరికను అనుసరించి ఈ పట్టికలు వేశారు. అందువల్ల తెలుగు ‘క’ అంకె 3093 అయితే, కన్నడ ‘క’ అంకె 3221. తేడా 128. రెండిటినీ బిట్లలోకి మార్చి పక్కపక్కన పెట్టి చూడండి. పదహారు బిట్లలో పదిహేను ఒక్కటే. ఎనిమిదో బిట్టు ఒక్కటి తెలుగులో సున్నా, కన్నడలో ఒకటి. రెండు లిపుల్లోనూ ఉన్న చాలా అక్షరాలకు ఇదే వరుస.

మా బడిలో పిల్లలు ఇంట్లో తెలుగు, బోర్డు మీద కన్నడ. ఈ లెక్క చేయించిన రోజు ఒక అమ్మాయి లేచి, “అంటే సార్, మధ్యలో ఒక్క బిట్టేనా?” అంది. ఒక్కటే అన్నాను. కాని అది ఏ బిట్టో తెలియకపోతే రెండూ చదవలేం అని కూడా చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే గళ్ళ కాగితం అడిగి తీసుకుంది.